రజాక్ చొక్కాలో పావురం

డెబ్బై రెండులో మా కిషన్‌బాగ్ గల్లీలో రజాక్‌ను మించిన పావురాల పిచ్చోడు లేడు. భార్య సుగ్రా పుట్టింటికి వెళ్తే, ఇంట్లో లేదని గమనించడానికే అతనికి కొంతకాలం పట్టేది. తెల్ల పావురం ఒక్క సాయంత్రం గూటికి రాకపోయేసరికి మాత్రం అన్నం ముట్టలేదు.

అది బస్తీ చివరి పాత సమాధి గుంబజ్ మీద వాలడం నేనే చూశాను. ఆ పక్కనే ఇంకో పావురాలవాడు దస్తగీర్ మిద్దె. పావురాల వాళ్ల కాయిదా ఏమిటంటే, దారి తప్పిన పిట్ట ఎవరి మిద్దె మీద దిగితే వాళ్లదే. తిరిగి అడగకూడదు. తెల్లారగానే దస్తగీర్ తన మందను ఎగరేస్తాడు, ఇదీ వెళ్లి అందులో కలుస్తుంది. దస్తగీర్ మంచివాడే. పక్కవాళ్ల పావురాలను కూడా సొంత పిల్లల్లా చూసుకుంటాడు.

"రాత్రికే ఎక్కి పట్కొస్తా. చీకట్ల పిట్టకు కండ్లు కనపడయి, కూసున్న కాడనే ఉంటది. తోడు రా బాబురావన్నా," అన్నాడు రజాక్.

వెళ్లాను. మర్నాడు నలుగురికీ చెప్పడానికి ఒకరుండాలి కదా.

గోడ మందంలోనే ఇరుకు మెట్లు. గబ్బిలాల కంపు ముక్కులో దిగి గొంతులో కూర్చుంది. నేను టార్చి తీశాను.

"బత్తీ ఎయ్యకు, బెదిరి ఎగురుతది," అని గుసగుసలాడాడు రజాక్.

పైన గుమ్మటం చుట్టూ మనిషి అడ్డంగా తిరిగి నడవాల్సినంత ఇరుకు అంచు. పిట్టగోడ ఎప్పుడో కూలిపోయింది. రజాక్ గుమ్మటాన్ని కావిలించుకుని కదిలాడు. నేను మెట్ల దగ్గరే ఆగాను. రాయి మీద అతని అరచేతులు రాసుకుంటున్న చప్పుడు... దూరమైంది... ఆగిపోయింది.

"రజాక్ భాయ్..."

గాలి కదలడం లేదు.

"దొరికింది." అన్నాడు చీకట్లోంచి. "ఎచ్చగుంది అన్నా. గానీ... ఈకలు తడిగున్నయ్."

వాన పడి నెలలైంది.

అలవాటు ప్రకారం దాన్ని చొక్కాలో వేసుకుని బొత్తాలు పెట్టుకున్నాడు. దిగుతుంటే నా వెనకాల అతని ఊపిరి బరువెక్కింది. గల్లీలోకి వచ్చేసరికి నడుం వంగిపోయింది.

"బరువైతుంది అన్నా."

"పావురం బరువెంతుంటది భాయ్?"

చొక్కా కింద చెయ్యి ఆనించి మోసుకుంటూ నడిచాడు.

ఇంటి గుమ్మంలో సుగ్రా లాంతరు పట్టుకుని నిలబడి ఉంది. "యాడికి పోయిన్రు ఇద్దరూ? మీరటు పోంగనే మీ మహారాణి ఇటొచ్చింది, చీకట్ల ఎట్లొచ్చిందో. లోపల పెట్టిన."

లాంతరు గూటి వైపు ఎత్తింది. జాలీ వెనక తెల్ల పావురం. పొడిగా, నిండుగా, మమ్మల్నే చూస్తోంది.

రజాక్ దాన్ని చూశాడు. తర్వాత తన చొక్కా వైపు చూసుకున్నాడు. గుడ్డ కింద ఏదో మెల్లగా అటు నుంచి ఇటు తిరిగింది.

"ఇప్పు," అన్నాను. "బొత్తాలు ఇప్పు భాయ్!"

"వద్దన్నా..." రెండు చేతులూ ఛాతీకి అడ్డం పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు. "ఆకలైతుందట."

"ఎవరికి?"

గూటి పక్కన డబ్బాలోంచి గుప్పెడు సజ్జలు తీసి, మెడ దగ్గర నుంచి చొక్కాలోకి పోసుకున్నాడు. ఒక్క గింజ కింద పడలేదు.

పావురాలు గింజలు మింగుతాయి. వాటికి పళ్లుండవు.

లోపల నుంచి నమిలే చప్పుడు వినిపించింది.