జోడురాళ్ళ వంకలో అడిగే గొంతు

ఆదోని నుంచి సిరుగుప్పకు పోయే బండ్లబాటలో జోడురాళ్ళ వంక అని ఎండిన వాగు ఒకటుంది. పగలు చూస్తే అందులో ఏమీ లేదు. ఇసుక, తుమ్మకంప, రెండు రాళ్ళు... అంతే. మాపటేళ దాటిందంటే మాత్రం ఒక్క బండి కూడా ఆ వంకలోకి దిగదు.

ఆ రాళ్ళు పాతవి కావు. మదరాసు నుంచి ఆంధ్ర విడిపోయినప్పుడు బళ్ళారి జిల్లాను కూడా చీల్చినారు. ఆదోని ఇటు ఆంధ్రకు, సిరుగుప్ప అటు మైసూరుకు. నిన్నటిదాకా ఒకే జిల్లాగా ఉన్న నేల తెల్లారేసరికి రెండు రాష్ట్రాలైపోయింది. ఇటువాళ్ళు వచ్చి తూర్పు గడ్డన ఒక రాయి పాతిపోయినారు. అటువాళ్ళు వచ్చి పడమటి గడ్డన ఇంకొకటి పాతిపోయినారు. నడుమ ఉన్న ఇసుక ఎవరిదో... ఎవరూ చెప్పలేదు.

ఆ ఇసుకలోనే శవం దొరికింది.

వరికోతలకు పోయి ఇంటికి తిరిగొస్తున్న కూలి పిల్లోడు. ఎవరో తల పగలగొట్టినారు. కూలికిచ్చిన వడ్లమూట లేదు.

ఆ పక్క పల్లెల్లో ఒక పాత అలవాటుంది. పొలిమేరలో ఇట్లాంటి శవం కనపడితే పోలీసులు రాకముందే పక్కూరి పొలిమేరలోకి ఈడ్చేస్తారు. లేకుంటే వచ్చిన పోలీసులకల్లా కోళ్ళు కోసి పెట్టాల, సాక్ష్యమని కోర్టు చుట్టూ తిరగాల. ఆ పొద్దు కూడా అదే చేసినారు. తూర్పు ఊరివాళ్ళు పడమటికి ఈడ్చినారు. పడమటి ఊరివాళ్ళు తూర్పుకు ఈడ్చినారు. ఇప్పుడది ఊరి పొలిమేర కాదు, రాష్ట్రం పొలిమేర అని ఎవరికీ తట్టలేదు. తెల్లవారేసరికి పిల్లోడు రెండు రాళ్ళ నడుమ పడి ఉన్నాడు.

ఇటు పోలీసులు వచ్చి, ఇది మా రాష్ట్రం కాదన్నారు. అటు పోలీసులు వచ్చి, మాదీ కాదన్నారు. ఎవరి కాగితంలోనూ వాడు చావలేదు.

అప్పటి నుంచి మొదలైంది...

రాత్రిపూట వంకలోకి బండి దిగితే, చీకట్లో నుంచి అలిసిపోయిన గొంతు ఒకటి అడుగుతుందంట:

"అన్నా... ఇది ఏ రాష్ట్రం?"

ఆంధ్ర అన్నావా, పడమటికి ఈడుస్తుంది. మైసూరు అన్నావా, తూర్పుకు ఈడుస్తుంది. తెల్లవార్లూ అట్లే ఈడ్చి ఈడ్చి నడుమ పారేస్తుంది. ఆదోనిలో అయ్యన్న టీ అంగడి కాడ బండ్లోళ్ళు చేరితే ఇదే మాట.

ఒక్క ఏసన్న మాత్రం నమ్మేవాడు కాదు.

"సచ్చినోళ్ళకు అంత సత్తువుంటే, ఇంక మనం బతికి ఈ ఎద్దుల తోకలు తిప్పేదెందుకప్పా?" అనేవాడు.

"నీకేం, మెడలో సిలువుండాది. మాకు యాడుంది?" అనేవాడు అయ్యన్న.

"దెయ్యాలు లేవు. మిషన్ దొరసానమ్మ సెప్పింది."

"ఆమె దేశంలో ఉండవేమో! మన దెయ్యాలు ఆమెనడిగి తిరుగుతాయా?"

అందరూ నవ్వేవాళ్ళు. కానీ ఏసన్న అబద్ధం చెప్పే మనిషి కాదని అందరికీ తెలుసు. ఎమ్మిగనూరు మిషన్ బంగళాకు బండి తోలేవాడు. ఆదివారం గుడిలో నిలబడి బైబిలు వాక్యం చదివేవాడు.

ఆ రాత్రి ఏసన్న సిరుగుప్ప నుంచి బంగళాకు వడ్లు వేసుకొని వస్తున్నాడు. ఎడమెద్దు కుంటుతూ ఉంది. తోడు వచ్చిన బండ్లు ఎప్పుడో ముందుకు పోయినాయి. ఆకాశం నిండా చుక్కలు, చేనంతా ఒకేసారి పగిలిన పత్తికాయల మాదిరి. కిందేమో ఎంతకీ తెగని నల్లరేగడి. ఇరుసు కింద లాంతరు ఊగుతూ ఉంటే ఎద్దుల నీడలు కూడా కుంటుతూ నడుస్తున్నాయి.

ఏసన్నకు ఒళ్ళంతా అలుపు. నిద్రపోకుండా ఉండాలని దొరసానమ్మ చెప్పిన కథ ఒకటి నెమరేసుకుంటున్నాడు.

దొరసానమ్మది అమెరికాలో టెన్నెసీ అనే రాష్ట్రం. ఇంటి మీద బెంగ పుట్టిన సాయంత్రాలు వరండాలో కూర్చొని, పుస్తకంలోని తెలుగు మాదిరి తెలుగుతో వాళ్ళ కొండల కథలు చెప్పేది. ఆ కొండల్లో టెన్నెసీ కంటే ముందు ఇంకో రాష్ట్రం పుట్టిందంట. పేరు ఫ్రాంక్లిన్. మిగతా రాష్ట్రాలు దాన్ని తమలో కలుపుకోలేదు. చేతిలో డబ్బులేక గవర్నరుకు జీతం జింకతోళ్ళు ఇస్తామన్నారంట! నాలుగేండ్లు బతికి ఆ రాష్ట్రం చచ్చిపోయింది.

రాష్ట్రాలు కూడా చస్తాయా... ఏసన్న అప్పుడు ఎంత ఆశ్చర్యపోయినాడో! పసిబిడ్డ పోయినట్టు మనసు ఎట్లనో అయిపోయింది.

బండి వంకలోకి దిగింది.

చక్రాలు ఇసుకలో కూరుకున్నాయి. ఎద్దులు రెండడుగులు వేసినాయి... ఇంకొకటి... నిలబడిపోయినాయి.

"హై! హై!" అన్నాడు. కదల్లేదు. ఎద్దుల చెవులు నిక్కబొడుచుకొని ఒకే దిక్కుకు తిరిగినాయి.

గాలి లేదు. ఎక్కడా కుక్క అరుపు లేదు.

తుమ్మకంప వెనక ఏదో కదిలింది. పొడుగ్గా... నల్లగా... నేలలో నుంచి లేచినట్టు లేచి నిలబడింది.

"అన్నా..."

ఏసన్న పగ్గాలు బిగించి పట్టుకున్నాడు.

"అన్నా... ఇది ఏ రాష్ట్రం?"

దెయ్యాలు లేవని చెప్పే మనిషి చెయ్యి దానంతట అదే మెడలో సిలువను పట్టుకుంది. ఆంధ్ర అనాలా? పడమటికి ఈడుస్తుంది. మైసూరు అనాలా? తూర్పుకు. ఏమనాలా... ఏదంటే వదుల్తుంది...

ఆకారం ఒక అడుగు ముందుకేసింది.

"టెన్నెసీ!" అని అరిచినాడు ఏసన్న.

నిశ్శబ్దం.

ఎద్దు ముక్కుతాడు కదిలిన చప్పుడొక్కటే.

"అది యాడుంది నాయనా?" అంది గొంతు.

దెయ్యానికి తెలీని ఊరు ఉంటుందని ఏసన్న ఎప్పుడూ అనుకోలేదు.

"దూ... దూరం."

"నడిసి పోయేంత దూరమా?"

"కాదు. ఓడెక్కాల."

"ఓ..." ఒక నిట్టూర్పు. "అయితే నావల్ల కాదులే. ఆడ గూడా పోలీసు స్టేషనుందా? ఆడన్నా రాసుకుంటారేమో అనుకుంటి."

ఆ నిట్టూర్పు విన్నాక ఏసన్నకు భయం సగం దిగింది. దెయ్యాలకు అంత అలుపు ఉండదు. లాంతరు తీసుకొని దిగి ఎత్తి చూసినాడు. ముందు పాదాలు చూసినాడు. వెనక్కి తిరిగి లేవు. పగిలిన మడమల్లో నల్లమట్టి ఇరుక్కొని ఉంది. పైన తల మీదుగా కప్పుకున్న గొంగడి. గొంగడిలో ఒక ముసలి మొగం.

"ఎవరవ్వా నువ్వు?"

"హులిగెమ్మ. ఈడ సచ్చిపోయినోని తల్లిని."

ఆమె ఇసుకలో కూలబడింది. ఏసన్న కూడా బండి నొగ మీద ఆనుకొని కూర్చున్నాడు.

"టెన్నెసీ అంటివే, ఏముందాడ?" అని ఆమే అడిగింది.

దొరసానమ్మ కాడ విన్న ఇంకో కథ ఏసన్న చెప్పినాడు. ఎందుకు చెప్పినాడో తనకే తెలీదు. టెన్నెసీకీ పక్కనున్న ఉత్తర కరోలినాకీ నడుమ కొండ మీద పొలిమేర. కరోలినా పక్క నిలబడి ఎవరో తుపాకి పేల్చినారు. గుండు పొలిమేర దాటి అటుపక్క టెన్నెసీలో ఉన్నవాడికి తగిలింది. వాడు ఆడే చచ్చిపోయినాడు. కరోలినా పెద్దకోర్టు, వాడు మా నేల మీద చావలేదు గదా, ఈ నేరం మాది కాదంది. టెన్నెసీ, అయితే కాల్చినోళ్ళను మాకు పంపండని అడిగింది. వాళ్ళు మీ రాష్ట్రం నుంచి పారిపోయి రాలేదు, అసలు అక్కడ అడుగే పెట్టలేదు, ఎట్ల పంపేదన్నారు కరోలినావాళ్ళు. కాల్చినోళ్ళు ఇండ్లకు పోయినారు.

హులిగెమ్మ కండ్లార్పకుండా విన్నది.

"అంత పెద్ద దేశంలో గూడా ఇంతేనా?"

"ఇంతే అవ్వా."

"ఆ సచ్చినోని తల్లి ఏం జేసింది?"

"దొరసానమ్మ సెప్పలే."

"నువ్వన్నా అడగలేదా?"

"లే..."

"ఎవరూ అడగరులే," అంది హులిగెమ్మ. కోపం కూడా లేని గొంతు.

ఏసన్న లాంతరు వత్తి తగ్గించినాడు. అడగాలంటే భయంగానే ఉంది. అయినా అడిగినాడు.

"అయితే ఈ వంకలో దెయ్యమని అందరూ సెప్పేది..."

"నన్నే."

గొంగడి దగ్గరికి లాక్కొని ఆమె చెప్పుకొచ్చింది.

"మొదట్లో నిజంగానే అడిగితి నాయనా. తూరుపు స్టేషనుకు పోతే పడమటికి పొమ్మంటారు. పడమటికి పోతే తూరుపుకు పొమ్మంటారు. నడిసి నడిసి ఒక రాత్రి ఈడ కూలబడితి. ఒక బండాయప్ప వస్తాంటే, అన్నా, ఇది ఏ రాష్ట్రం అని అడిగితి. ఆయప్ప తెలిసినోడైతే సాక్ష్యం సెప్పిస్తామని. సెప్పులు ఇడిసిపెట్టి పరిగెత్తినాడు!"

ఆమె నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"మర్నాడు సంతకు పోతే అందరూ అదే మాట. జోడురాళ్ళ వంక కాడ ఒక పిల్లోన్ని సంపినారు, వాడు దెయ్యమై తిరుగుతాండాడు అని. నేనాడ ఉల్లిగడ్డలేరుతా నిలబడిపోతి. నా కొడుకును సంపినారని ఒకరి నోట్లో నుంచి ఇనడం అదే మొదలు. స్టేషన్లో ఎవరూ ఆ మాట అనలే. సంపినారని అననే అనలే!"

"అందుకని..."

"అందుకని మళ్ళా వచ్చి కూసుంటి. జనం మరిసిపోతాండారు అనిపించినప్పుడల్లా వస్తి. రాసుకునేటోళ్ళు రాసుకోలే. భయపడేటోళ్ళన్నా తల్సుకుంటారని."

వంక గడ్డ మీద ఏదో పిట్ట కూసి ఊరుకుంది.

"తెల్లారి నువ్వు పోయి సెప్పేస్తావు," అంది ఆమె. "సెప్పుకో. వద్దనను. నాకూ మోకాళ్ళు ఒప్పుకోడం లే. ఇదే ఆకరు. ఇంక రాలేను."

ఏసన్న ఎద్దుల పగ్గాలు చేతికి తీసుకున్నాడు. తను చెబితే నమ్ముతారు. ముసల్ది గొంగడి కప్పుకొని భయపెట్టిందంటే అంగడంతా పగలబడి నవ్వుతారు. రెండు దినాలు నవ్వుతారు. ఆ తర్వాత ఈ వంకలో ఎవరూ చచ్చిపోనట్టే.

ఆమెను బండిలో కూర్చోబెట్టుకొని తూర్పు గడ్డ ఎక్కించినాడు. ఆమె పల్లె మొగదల దింపేటప్పుడు అడిగినాడు.

"అవ్వా... మీవాడు ఎట్లుండేటోడు?"

హులిగెమ్మ ఆయన మొగంలోకి చూసింది. బండిచక్రం పట్టుకొని కాసేపు నిలబడింది. తర్వాత చెప్పింది. నెమ్మదిగా, ఒక్కొక్కటే, బిడ్డకు నీళ్ళు పోసినంత జాగ్రత్తగా చెప్పింది. చెప్పేది అయిపోయినాక ఇంకొకటి గుర్తొచ్చి మళ్ళీ చెప్పింది. అప్పటికి తూర్పున తెల్లరేక లేస్తూ ఉంది.

అయ్యన్న టీ అంగడి కాడ పొద్దున్నే బండ్లోళ్ళు, సంతకొచ్చినవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు నిండుగా ఉన్నారు. ఏసన్న బండి ఆగడం చూసి అయ్యన్న కేకేసినాడు.

"ఏమప్పో! రాత్రంతా ఒక్కనివే వస్తివంట. అడిగినాడా మనోడు?"

నవ్వుదామని అందరూ తయారుగా ఉన్నారు.

ఏసన్న బల్ల మీద కూర్చున్నాడు. రెండు చేతులతో గ్లాసు పట్టుకున్నాడు. దొరసానమ్మ మొగం ఒకసారి కండ్ల ముందుకొచ్చింది. వచ్చే ఆదివారం గుడిలో నిలబడి ఏ మొగంతో వాక్యం చదవాల? తెలీదు. అలిసిపోయి ఉన్నాడు. అంతకంటే అలిసిపోయిన మనిషిని చూసి వచ్చినాడు.

"అడిగినాడు," అన్నాడు.

అయ్యన్న టీ పోసే చెయ్యి ఆపినాడు.

"ఏసన్నా... నువ్వు నిజంగా సూసినావా?"

"సూసినా. నీ అంత దూరంలో నిలబడినాడు. పేరు బజారి. ఇరవై ఏండ్లుంటాయి. ఎడమచేతి వాటం, కొడవలి ఆ చేతిలోనే ఉండాది. కుడి కనుబొమ్మ నడుమ గాటు. సిన్నప్పుడు పొట్టేలు పొడిసిందంట. ఒక చెవికి ఎర్రపూస పోగు. నవ్వితే పన్ను మీద పన్ను కనపడతాది. మాట ముందు అన్నా అంటాడు, మాట ఎనక అన్నా అంటాడు..."

"అయ్యో, ఆ పిల్లోడా!" అన్నారెవరో. "మా మడి పక్కనే కోసినాడప్పా! ఎడమచేత్తో... అవును, ఎడమచేత్తోనే!"

"వానికి తల్లి ఉండాలే పాపం..." అన్నారింకొకరు.

ఒకరొకరే దగ్గరికి జరిగినారు. టీలు చల్లారిపోతున్నా ఎవరూ ముట్టుకోలేదు. మొట్టమొదటిసారి ఆ అంగడిలో దెయ్యం గురించి కాదు, బజారి గురించి మాట్లాడుకుంటున్నారు.

గుంజకు ఆనుకొని నిలబడిన ఒకతను మాత్రం కదల్లేదు. ఏసన్న అతన్ని ఎప్పుడూ చూడలేదు. చేతిలోని గ్లాసు వంగి, టీ పాదం మీద ధార కడుతూ ఉంది. అతను అది కూడా చూసుకోలేదు.

అందరి మాటలూ తగ్గేదాకా ఆగి, దగ్గరికొచ్చి, ఏసన్న చెవి పక్కన గుసగుసగా అడిగినాడు.

"వాడు... ఎవరి పేరైనా సెప్పినాడా?"

ఏసన్న తలెత్తి అతని కండ్లలోకి చూసినాడు. చాలాసేపు చూసినాడు.

"ఇంకా సెప్పలే," అన్నాడు.