గోడకు అవతలి కీబోర్డు

ఏర్పేడులో రైలుకట్ట దిగువనున్న వరదయ్య ఇంటి ముందు చీకటి పడ్డాక ఎవరూ నిలబడేవారు కారు. ఏళ్ల తరబడి తాళం పడి ఉన్న పాత మిద్దె అది. లోపల ఎవరో మూలుగుతారని, ఆ మూలుగుకు బదులు పలికినవారు మంచం పడతారని చెప్పుకొనేవారు. మూలుగు వినిపిస్తే వాకిలి మూసుకోవడం ఆ వీధికి అలవాటైపోయింది.

ఆ పుకారులో సగం రూపేష్ పుట్టించినదే.

ఈ సంగతి నాకు చెప్పినవాడు గిరిప్రసాద్. రెండువేల ఎనిమిది ప్రాంతంలో అతడు, రూపేష్ కలిసి అంగడి వీధిలో చిన్న కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. నేను విన్నది విన్నట్టే రాస్తున్నాను.

వరదయ్య మిద్దెకూ, పక్కనున్న ప్రేమానందం ఇంటికీ నడుమ ఉన్నది ఒకే గోడ. ప్రేమానందం రైల్వే గేటు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. భార్య ఎప్పుడో పోయింది. మిగిలినది ఒక్కగానొక్క కూతురు నవీన. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. మద్రాసులో ఎవరో వాడి అమ్మిన ట్యాబ్లెట్ ఒకటి కొని తెచ్చుకుంది. అచ్చం పలకలాగే ఉండేది. తెరను వేలితో తాకితే చాలు, పనిచేసేది. కాని పరీక్ష పేపర్లన్నీ వేలితో కొట్టడం కష్టమని, తీగలు లేని కీబోర్డు, మౌసు కూడా తెచ్చుకుంది. వాటి నుంచి వచ్చే సంకేతాన్ని అందుకొనేది ట్యాబ్లెట్ పక్కన గుచ్చిన ఒక గోరంత ముక్క.

ఆ వానాకాలంలో వచ్చిన విషజ్వరం నవీనను తీసుకుపోయింది.

సమాధి మీది మట్టి ఆరకముందే రూపేష్ వచ్చాడు.

"దీనికి వేలు సాలు మామా. ఈ కీబోర్డూ మౌసూ నీకెందుకు? మా సెంటర్లో పిల్లోళ్లకు పనికొస్తాయి."

"తీసకపో నాయనా," అన్నాడు ప్రేమానందం. "నా బిడ్డ పేరు చెప్పుకుంటారు."

ఆ గోరంత ముక్కను మాత్రం రూపేష్ ముట్టుకోలేదు. ప్రేమానందం దానిని పలకలో ఒక భాగమనే అనుకున్నాడు.

తండ్రికి దానిమీద రాయడం నేర్పాలని, వేలితో గీస్తే రాత పడే, రుద్దితే చెరిగిపోయే ఒక ఖాళీ పేజీని నవీన ఆ తెరపై తెరిచిపెట్టి ఉంచింది. రాత్రి ప్రార్థన ముగిశాక ప్రేమానందం దాని ముందు కూర్చొని, వేలితో ఆమె పేరు రాసి, ఊరికే చూస్తూ ఉండేవాడు.

ఒక రాత్రి... అతడి వేలు తెరకు దూరంగా ఉండగానే, తెర మీది బాణం గుర్తు మెల్లగా కదిలింది. అటు జరిగింది, ఇటు జరిగింది — ఆగింది. పేరు కింద ఇంగ్లీషు అక్షరాలతో ఒక తెలుగు మాట, ఒక్కొక్క అక్షరంగా పుట్టుకొచ్చింది.

చూపు సరిగా ఆనని ప్రేమానందం దానిని పైకే కూడబలుక్కున్నాడు. "నా... య... నా..."

గోడకు అవతల, వెనక తలుపు తోసుకొని దూరిన వరదయ్య మిద్దె చీకట్లో, కీబోర్డు ఒళ్లో పెట్టుకున్న రూపేష్ ఆ గొంతు విని పొట్ట పట్టుకున్నాడు. పక్కన గిరిప్రసాద్ నవ్వు బయటికి రాకుండా తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"బిడ్డా! యాడుండావమ్మా?"

రూపేష్ కొట్టాడు — 'చలిగా ఉండాది నాయనా.'

మరునాడు ప్రేమానందం ఇంట్లో ఉన్న మంచి దుప్పటి తీసుకుపోయి సమాధి మీద పరిచి వచ్చాడు. టీ అంగట్లో రూపేష్ తన పని మాత్రం దాచి, ఆ దుప్పటి సంగతి అభినయించి చూపితే, అంగడంతా పడిపడి నవ్వింది.

నవ్వలేకపోయినవాడు గిరిప్రసాద్ ఒక్కడే.

"ఇంక సాలించురా. ముసలోడు సచ్చిపోతాడు."

"సచ్చేదేందిరా? మొగంలో కళ సూసినావా? నేను బతికిస్తాండా!"

గిరిప్రసాద్ ఆ మిద్దెలోకి పోవడం మానుకున్నాడు. రూపేష్ మానుకోలేదు.

పగలంతా వాన కురిసి వెలిసిన ఒక రాత్రి, అతడు ఒంటరిగా వెళ్లాడు. సెల్‌ఫోను మోగితే గుట్టు బయటపడుతుందని దానిని ఎప్పటిలాగే బండి డిక్కీలో వదిలాడు. గోడ పక్కన చేరి కీబోర్డు మీదికి వంగి కూర్చున్నాడు. వానకు నాని, పుచ్చిపోయి ఉన్న పైకప్పు దూలం ఒకటి — సరిగ్గా అతడి వీపు మీద కూలింది.

ఊపిరే ఆడని మనిషికి కేక ఎక్కడినుంచి వస్తుంది? వచ్చినది మూలుగు.

వీధంతా ఆ మూలుగు విన్నది. వీధంతా వాకిళ్లు మూసుకుంది.

మిత్రుడు ఇల్లు చేరలేదని తెలిసి గిరిప్రసాద్ వెతుక్కుంటూ వచ్చేసరికి తెలతెలవారుతోంది. రూపేష్ బండి కట్ట పక్కనే ఉంది. ప్రేమానందం ఇంట్లో దీపం వెలుగుతోంది, తలుపు తెరిచే ఉంది. రూపేష్ దొరికిపోయాడనుకొని గిరిప్రసాద్ లోపలికి అడుగుపెట్టాడు.

రూపేష్ లేడు. ప్రేమానందం ఒక్కడే ట్యాబ్లెట్ ముందు కూర్చొని, ఎర్రబడిన కళ్లతో, వేలితో తెరను తుడుస్తున్నాడు.

"ఏమైంది మామా?"

"రాత్రి నా బిడ్డ రాలేదబ్బా..." అతడు గొంతు తగ్గించాడు. "ఇంకెవురో దూరినారు."

"ఎవురు?"

"దయ్యం. నేను రూపేష్‌ను అంటాండాది. దూలం పడినాది, గోడ పక్కనే ఉండా, కాపాడు మామా అని రాస్తాండాది. గోడ అవతల మూలిగినాది కూడా. నేను పలకలా. గట్టిగా ప్రార్థన చేసుకున్నా."

గిరిప్రసాద్ గోడ వైపు తిరిగాడు. "ఒకపారి... పోయి సూడలేదా?"

"యాడికబ్బా? రూపేష్ మా నవీనకు అన్నలాంటోడు. వాడి పేరు పెట్టుకొని పిలిస్తే మోసపోతానా?" అతడు తెరను ఇంకోసారి తుడిచాడు. "ఇన్ని దినాలూ మాట్లాడింది నీ బిడ్డ కాదు, నేనే, నన్ను మన్నించు అని కూడా రాసినాది. ఎంత పాపిష్టిదో సూడు! రాసిందంతా రాసినట్టే తుడిచేసినా. నా బిడ్డ వస్తే దానికి సోటుండాల గదా?"

గిరిప్రసాద్ తెర వైపు చూశాడు.

ఇంగ్లీషు 'బి' అక్షరం... మళ్లీ 'బి'... మళ్లీ... వరుస నిండి, కింది వరుసలోకి దిగి, ఆగకుండా పరుగెత్తుతోంది. ప్రేమానందం ఓపికగా తుడుస్తున్నాడు. తుడిచిన చోటే అది మళ్లీ పుడుతోంది.

"మాటలు అయిపోయినట్టుండాయి దానికి. కోడి కూసినప్పటి నుంచీ ఇదే."

గిరిప్రసాద్ పరుగెత్తాడు. మిద్దె వెనక తలుపు తోసుకొని, రాలిన మట్టిమీద తడబడుతూ గోడ దగ్గరికి చేరాడు. దూలం కింద రూపేష్ బోర్లా పడి ఉన్నాడు. ఒక చెంప కీబోర్డుకు ఆనుకొని ఉంది.

"రేయ్... రూపేషా..."

చెంప కింద చేయి పెట్టాడు. చల్లగా తగిలింది. మెల్లగా ఆ ముఖాన్ని పైకెత్తాడు.

గోడకు అవతల ఒక నిట్టూర్పు వినిపించింది.

"ఆగింది... స్తోత్రం ప్రభువా, ఆగిపోయింది."

తరువాత అదే గొంతు, ఎంతో ప్రేమగా, గుసగుసగా —

"ఇంక రామ్మా. వాడు పోయినాడు."