భటుడు రాజైన పాట

"ఆగండి," అంది కీబోర్డు వాయించే అమ్మాయి.

రిహార్సల్ హాలంతా ఆగిపోయింది.

"మీరు పాడుతున్నారా, ఎవరిమీదికైనా పోట్లాటకు వెళ్తున్నారా?"

"మీరు వాయించండి చాలు. పాడటం నాకొచ్చు."

"వచ్చింది వినపడాలిగా, భటుడు గారూ!"

అందరూ గొల్లుమన్నారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

భటుడు అతని పేరు కాదు. ఆ బృందం ఏ సంగీత నాటకం వేసినా ఎనిమిదేళ్లుగా బల్లెం పట్టుకుని వెనక నిలబడేది అతనే. చివరికి అసలు పేరు పోయి ఆ పేరు మిగిలింది. ఇప్పుడు పాత హీరో మానేశాడు. రాజు వేషం అతనికి దొరికింది.

దొరికిందిగానీ నిలవలేదింకా. చివరి పాటలో ఒక పై స్వరం ఉంది. అక్కడికి రాగానే అతని గొంతు గుమ్మంలో కొత్త అల్లుడిలా ఆగిపోయేది.

మాస్టారు ఆ అమ్మాయి తండ్రి. నాటకం రాసిందీ, పాటలు కట్టిందీ ఆయనే.

"నేను కట్టిన శ్రుతిలోనే పాడాలి. వచ్చే శుక్రవారం ప్రదర్శన. అప్పటికి రాకపోతే వేరేచోట నుంచి రాజును తెచ్చుకుంటా. నీ బల్లెం నీకెలాగూ ఉంది," అన్నాడు.

సాయంత్రం వాన పట్టుకుంది. అతనూ ఆ అమ్మాయీ హాలు వరండాలో ఇరుక్కుపోయారు. చూరు నీళ్లు టపటపమంటున్నాయి.

"రోజూ పొద్దున గంట ముందు రండి," అంది ఆమె వానకేసి చూస్తూ. "మీకోసం కాదు. నా చెవులకోసం."

వచ్చాడు. మూడో రోజు పై స్వరం పలికింది. మాస్టారి ముందు కూడా పలికింది. ఇక అతని నడకే మారిపోయింది. టీ తాగినా రాజులాగే తాగేవాడు.

"కప్పు కింద పెట్టండి మహారాజా, మీ రాజ్యం కాదది," అనేది ఆమె.

అలా అలా 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరికీ తెలియదు.

గురువారం ఆమె ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్లింది. అతను కీబోర్డు మీద దుమ్ము తుడుస్తున్నాడు. చిన్న తెరమీద మైనస్ ఒకటి కనిపించింది. శ్రుతిని దించే మీట నొక్కితే పడే అంకె అది. ఆ సంగతి అతనికి తెలుసు.

ఆమె లోపలికి వచ్చింది.

"ఇదేంటి?"

ఆమె మొహం తెల్లబోయింది. "ఒక మెట్టు దించాను."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు పొద్దున రావడం మొదలెట్టినప్పట్నుంచీ. అప్పుడు నాలుగు మెట్లు. నువ్వు కుదురుకున్నప్పుడల్లా ఒక్కోటి పైకి తెచ్చాను. రేపు పొద్దున అసలు శ్రుతికి తెద్దామని..."

"చందమామను చూపించి గోరుముద్దలు పెట్టావన్నమాట!"

"తిన్నావుగా!"

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే భయపడేవాడివి. నీ గొంతుకేం కాలేదు. ఆ స్వరం అంటేనే నీకు వణుకు."

అతను తుడిచే గుడ్డ అక్కడే పడేసి వెళ్లిపోయాడు. శుక్రవారం పొద్దున రాలేదు.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. నాటకం చివరికొచ్చింది. అతను ముందుకొచ్చి నిలబడ్డాడు. పాటకు ముందు ఆమె శ్రుతి పట్టి, అతను తలాడించేదాకా ఆగడం అలవాటు. ఇవాళ శ్రుతి పట్టలేదు. వేలు ఒకటి చూపించి, కళ్లతోనే అడిగింది. ఒక మెట్టు దించనా?

దించితే గండం గడుస్తుంది. జనానికి తెలియదు. దించకుండా గొంతు చీలితే రేపట్నుంచి మళ్లీ వెనక వరసే.

అతను తల అడ్డంగా ఊపాడు.

ఆమె అసలు శ్రుతి పట్టింది. అతను ఎత్తుకున్నాడు. రాణి వేషం వేసినామె పక్కనే ఉంది. అతను మాత్రం కీబోర్డు వైపే చూసి పాడాడు. పై స్వరం వచ్చింది. ఒక్క క్షణం సన్నగా వణికింది. ఆమె నవ్వింది. వణుకు పోయింది. స్వరం హాలు చివరి గోడదాకా వెళ్లి నిలబడింది.

చప్పట్లు ఆగలేదు.

తెర వెనక అతనికీ ఆమెకీ మాస్టారు ఎదురొచ్చాడు. "ఇవాళ కూడా దించే పాడతావనుకున్నా."

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

"నా పాట నాకు తెలియదా? నా కూతురు ఇంతవరకూ ఎవరికోసమూ నా శ్రుతి దించలేదు. ఎందుకు దించిందో చూద్దామని ఊరుకున్నా. రాజు వేషం నీదే." ఆయన గుమ్మం వైపు నడిచాడు.

"ఎందుకు దించావు?" అన్నాడు అతను.

"వెనక నిలబడి అందరి పాటలకూ పెదవులు కదిపేవాడివి. ఆ గొంతెలా ఉంటుందో వినాలని నాకు ఎన్నాళ్లనుంచో ఉంది." ఆమె తల వంచుకుంది. "ఇంకా కోపమేనా?"

"ఉంది. పెళ్లయ్యాక తీర్చుకుంటా."

"ఎవరితో పెళ్లి?"

"శ్రుతి దించేవాళ్లతో."

గుమ్మం దగ్గరనుంచి మాస్టారి గొంతు వినిపించింది. "ఆ రంగు కడుక్కుని ఇంటికి రావయ్యా. మీ అత్తయ్య భోజనానికి ఎదురుచూస్తోంది."

మాస్టారి భార్యను అతను ఎనిమిదేళ్లుగా అమ్మగారనే పిలుస్తున్నాడు. ఈ అత్తయ్య ఎవరో అర్థం కావడానికి అతనికి కాసేపు పట్టింది. మాస్టారి కూతురికి మాత్రం వెంటనే అర్థమైంది.