బొమ్మగదిలో ఏడుపు

ఆ నర్సింగ్ కాలేజీలో కింది వరస చివరి గదికి మహా చెడ్డపేరు. పిల్లలు ఇంజెక్షన్లు నేర్చుకునే రోగిబొమ్మ ఉండేది అందులోనే. రాత్రయితే ఆ బొమ్మ ఏడుస్తుందట! "తప్పైపోయింది... తప్పైపోయింది..." అని ఒకటే గొణుగుడట. వాచ్‌మన్ చెవులారా విన్నాడట.

ఈ మాటకి పకపకా నవ్వింది ట్యూటరమ్మ ఒక్కతే. ఆవిడకి దెయ్యాలేంటి, ఆవిణ్ణి చూస్తేనే పిల్లలకి జ్వరాలొచ్చేవి! నిరుడు ఒక పిల్ల ఒకరి మాత్ర ఇంకొకరికి ఇచ్చి, తనే పరుగున వచ్చి చెప్పింది. రోగికి ఏమీ కాలేదు. అయినా ఆ పిల్లని ఇంటికి పంపించేసింది. "అప్పట్నుంచి నా క్లాసులో ఒక్క తప్పు లేదు!" అని విర్రవీగేది. నిజంగానే నమ్మింది మహాతల్లి.

ఆ రాత్రి ఆవిడ కాలేజీ పైనున్న ఆస్పత్రిలోనే ఉంది. కాలికి ఆపరేషనై కన్నతల్లి పై వార్డులో పడుకుంది, షుగర్ మనిషి. పదింటికి వెళ్ళి చూస్తే ఒళ్ళెరగని నిద్ర. నుదుటి మీద చెమట. ఉక్కపోత కాబోలనుకుని, రుమాలుతో తుడిచి, ఆ దెయ్యం సంగతేదో తేల్చేద్దామని కిందికి దిగింది.

చీకటి వరండా... చివరి తలుపు ఓరగా తీసి ఉంది.

"తప్పైపోయింది..."

ట్యూటరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఆ పకపకలన్నీ ఎక్కడికి పోయాయో పాపం! టార్చి వేసింది—

బొమ్మ చెయ్యి పట్టుకుని రెండో ఏడాది పిల్ల. దెయ్యం కాదు, ప్రాణమున్న పిల్లే.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"చెప్పుకుంటున్నా మేడమ్... అందరం దీనికే చెప్పుకుంటాం. ఇది ఇంటికి పంపించదు కదా."

"ఏం చేశావు?"

"మీ అమ్మగారికి సిస్టర్ ఇన్సులిన్ ఇచ్చేశారు... చూసుకోకుండా నేనూ ఇచ్చాను... ఎనిమిదింటికి."

ఆ చెమట ఉక్కపోతది కాదు, షుగర్ పడిపోయి పట్టింది! ట్యూటరమ్మ పడుతూ లేస్తూ మెట్లెక్కింది. గ్లూకోజు ఎక్కించారు. ఎంతసేపటికో ముసలావిడ కళ్ళు తెరిచి, "ఎందుకే ఏడుస్తున్నావు?" అంది.

తెల్లారేసరికి ఆ పిల్ల పెట్టె గేటు బయట ఉంది. బొమ్మగదికి తాళం పడింది. పాతికేళ్ళు పాఠాలు చెప్పి, తల్లి నుదుటి చెమట తుడిచి చక్కా పోయిన మనిషిని మాత్రం పెట్టె సర్దుకోమనే నాథుడే లేడు. లోపల నిజంగానే దెయ్యముందని ఇప్పుడు ఆవిడే అందరికీ చెబుతోంది.

నిన్న రాత్రి వాచ్‌మన్ మళ్ళీ విన్నాడట. అదే గదిలోంచి, అదే గొణుగుడు... గొంతు మాత్రం చిన్నపిల్లది కాదట.

ఆ తాళంచెవి ఉండేది ట్యూటరమ్మ దగ్గరే.