స్లాగ్ గుంతల వాసన

బోధన్ తొవ్వల స్లాగ్ గుంత ఉన్నది సూడుండ్రి, పొద్దుగూకినంక గా దిక్కు ఎవ్వలు పోరు. పక్క ఫ్యాక్టరీల ఉక్కు కరిగిస్తే పైన తేలే కచరానే స్లాగ్. దాన్ని ఏండ్ల సంది గండ్లనే పోస్తున్నరు. నిరుడు వానకాలం వాచ్‌మన్ లింబయ్య గా గుంతలనే సచ్చిండు. ఒంటి మీద దెబ్బ లేదు, గాటు లేదు.

అప్పటి సంది, కుళ్లిన గుడ్ల వాసనొస్తే లింబయ్య లేసిండంటరు. వాసన పోతే పండుకున్నడంటరు. నవ్వుతున్నరా? గాడ నిలబడి నవ్వుండ్రి, సూస్త.

నాకు సుమలత చెప్పింది. గా ఫ్యాక్టరీ ల్యాబుల ఆమె పని. స్లాగ్ పొడి మీద యాసిడ్ పోస్తది. బుసబుస గ్యాసొస్తది. దాన్ని పట్టి అయోడిన్‌తోని కొలిస్తే గంధకం ఎంతుందో తెలుస్తది. గ్యాసు ఎక్కడన్న కారుతుందా అని సూసెటందుకు సీసం మందు పూసిన కాగితాలుంటయి. గ్యాసు తాకితే నల్లగయితయి.

ఒక రాత్రి ఆమె తమ్ముడు శ్రావణ్ సాదుకునే లేగదూడ గుంతల పడ్డది. అంబా... అంబా... ఒక్కటే ఒర్రుడు. సుమలత డ్యూటీ దిగి ఉరికొచ్చేసరికి తమ్ముడు నడుముకు మోకు కట్టుకోని అంచుల నిలబడ్డడు. కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమంటున్నది.

“ఆగుదం అక్కా,” గుసగుసగ అన్నడు. “లింబన్న పండుకోనీ.”

ఆగిండ్రు. కొంచెం సేపటికి వాసన పోయింది — మొత్తానికే.

“పోయిండక్కా... దిగుత.”

సుమలత టార్చ్ ఏసింది. కింద నీళ్లు బుడబుడ పొంగుతున్నయి. చెరుకు మడ్డితోని సారా తీయంగ మిగిలిన పులిసిన నీళ్లు ఎవ్వడో ట్యాంకర్‌తోని ఒంపి పోయిండు, వాని చేతులిరగ! స్లాగ్ మీద పులుపు... రోజు తన సీసల అయ్యేదే గుంతల అయితున్నది.

సంచిల కెల్లి కాగితం తీసింది. తెల్లగుండె. చేతుల ఉండంగనే... కాటుక లెక్క నల్లగయింది.

“వాసన పోలే తమ్మీ... విషగ్యాసు ఎక్కువై మన ముక్కు సచ్చింది.”

మోకు పట్టి వాన్ని రోడ్డు దాక గుంజింది. “లేగ ఒర్రుతున్నదక్కా!” అని వాడు గింజుకున్నడు. ఆమె ఇడువలే. ఒర్రుడు సన్నగయింది... ఆగింది.

“నాకు ఏడుపు గుడ రాలే,” అని నాతోని అన్నది సుమలత. “ఒళ్లంత మొద్దువారింది.”

తెల్లారి లింబయ్య భార్య పెంటవ్వ కాడికి పోయి, కాగితం సూపించి అంత చెప్పింది. పెంటవ్వ నల్లగయిన కాగితాన్ని ఏలితోని రాసి సూసింది.

“ఆయన సచ్చిన రాత్రి ఫోన్ జేసిండు బిడ్డా,” అన్నది. “‘ఇంత సేపు పాడు వాసనుండె, ఇప్పుడు పోయింది. గుంతల దిగి నీళ్ల మోటరు బందు జేసొస్త’ అన్నడు...”

“నేనే అన్న — సరే, పో అని.”