వదలమని చెప్పలేదేంట్రా?

“ఒక్క నిమిషం నోరు మూసుకుంటారా?”

ఎడిటర్ అమ్మాయి అతనితో మాట్లాడిన మొదటి మాట అది. తిట్టు కాదని తర్వాత తెలిసింది. రికార్డింగ్ అయ్యాక ఖాళీ గది నిశ్శబ్దాన్ని కూడా కాసేపు రికార్డు చేస్తారు. మాటల మధ్య అతుకులకు అది కావాలి.

ఆ కాసేపు కూడా అతను కుదురుగా ఉండలేకపోయాడు. కుర్చీ కిర్రుమంది. గొంతు సవరించుకున్నాడు.

“ఊరందరికీ ప్రశాంతత నేర్పుతారు. మీకు మాత్రం కాలు ఒకచోట నిలవదేం?” అని స్టూడియో గది అద్దం అవతల ఆమె నవ్వింది.

ఫోన్ యాప్ కోసం ధ్యానం పాఠాలు చెప్పడం అతని పని. స్టూడియోలో అందరూ అతన్ని ‘శాంతిగారు’ అనేవారు. ఆ నవ్వు విన్న రోజు నుంచి శాంతిగారికి శాంతి లేదు. వాన చప్పుడుకి రికార్డింగ్ ఆగితే ఇద్దరూ టీ తాగుతూ కబుర్లు చెప్పుకునేవారు. వాన తగ్గకూడదని మాత్రం అతను మహా ఏకాగ్రతతో కోరుకునేవాడు.

మనసులో మాట ఈరోజు చెప్పేద్దామనుకుని వచ్చిన రోజే, పాఠం మధ్యలో అమ్మ ఫోన్ చేసింది.

“నాన్నా, నీ కొత్త పాఠం వింటున్నాను. ఊపిరి బిగబట్టమన్నావు. వదలమని చెప్పలేదేంట్రా? వదలొచ్చా?”

“అమ్మా! పనిలో ఉన్నానని తెలీదా? చెప్పాను, నువ్వే వినలేదు. నీకు చెవులూ లేవు, బుర్రా లేదు. పెట్టెయ్!”

ఫోన్ పక్కన పడేసి, గొంతులో తేనె పోసుకుని, “ఇప్పుడు మీ కోపాన్ని గమనించండి…” అని మొదలుపెట్టాడు.

మైక్ మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ఫోన్‌లో అమ్మ మాటలూ, అతని అరుపూ అన్నీ రికార్డయ్యాయి.

అద్దం అవతల ఆమె హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. నవ్వలేదు. అతనికి తల కొట్టేసినట్టయింది.

అతని అమ్మ అడిగిన ఆ పాఠాన్నే ఆమె పెట్టింది. ‘ఊపిరి బిగబట్టండి’ అని వినిపించింది. ఆ తర్వాత ఎంతసేపటికీ మాటే లేదు.

ఆమె ముఖం పాలిపోయింది. “మీరు ‘వదలండి’ అన్నారు. కుర్చీ చప్పుడు తీసేస్తూ నేనే దాన్నీ కట్ చేసేశాను. అమ్మగారు సరిగ్గానే విన్నారు. తప్పు నాది.”

అవును, నీదే అనడానికి అతని నాలుక దురద పెట్టింది. కష్టం మీద ఆపుకున్నాడు.

“కట్ చేసింది మీరు. అరిచింది నేను.”

“ఇంటికెళ్లాక నేనూ మీ పాఠాలే వింటాను,” అంది ఆమె నెమ్మదిగా. “ఇక ఎలా వినమంటారు?”

అతనికి తన గొంతు మీదే అసహ్యం వేసింది. ఆమె ముందే అమ్మకు ఫోన్ చేశాడు.

“అమ్మా, నువ్వన్నదే నిజం. అందులో ఆ మాట లేదు. ఉన్నా సరే, నేను అలా అనకూడదు. సిగ్గుగా ఉందమ్మా.”

“నేనెప్పుడో వదిలేశాను లేరా,” అంది అమ్మ.

ఊపిరి సంగతి చెప్పిందో, అతని మాటల సంగతి చెప్పిందో అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

“గది నిశ్శబ్దం తీసుకోవాలి,” అంది ఎడిటర్ అమ్మాయి.

ఈసారి కుర్చీ కిర్రుమనలేదు. తల దించుకుని, ఊపిరి వచ్చిపోవడం వింటూ కూర్చున్నాడు. ఊరందరికీ చెప్పిన పాఠం అతను చేయడం అదే మొదటిసారి.

“ఇప్పుడు ఆ ఒక్క మాట మళ్లీ చెప్పండి.”

“ఊపిరి వదలండి,” అన్నాడు. అద్దం వైపు చూశాడు. “నన్ను మాత్రం వదలకండి. మళ్లీ ఎప్పుడైనా అరిస్తే, ఇవాళ్టి రికార్డింగ్ పెట్టి నాకే వినిపించండి.”

ఆమె, సరిచేసిన పాఠం ముందు అమ్మగారికే పంపుతానని ఆవిడ నంబరు మాత్రం తీసుకుంది.

మర్నాడు స్టూడియోలో ఉండగా అమ్మ ఫోన్. మొదటి రింగుకే ఎత్తాడు.

“వదలమన్నావు, వదిలాను. మళ్లీ ‘నన్ను మాత్రం వదలకండి’ అంటావేంట్రా? నేనెక్కడికి పోతాను?”

అతను సిగ్గుతో చచ్చిపోతూ అద్దం వైపు తిరిగాడు. “అది కట్ చెయ్యలేదా?”

“అమ్మగారి కాపీలోనే ఉంచాను,” అంది ఆమె, చెవులదాకా ఎర్రబడి. “ముఖ్యమైన మాట మళ్లీ కట్ చేస్తే బాగుండదుగా.”

“ఓహో, కత్తెర పక్కనే ఉందన్నమాట!” అంది ఫోన్‌లో అమ్మ. “ఆదివారం ఆ పిల్లని ఇంటికి తీసుకురా. గొణక్కు, నాకు చెవులు బాగానే ఉన్నాయి.”

అతను తల దించుకున్నాడు. అద్దం అవతలి నుంచి మళ్లీ ఆ నవ్వు వినిపించింది.