వెళ్ళొస్తాం

కారవాన్ అద్దెకి తీసుకుందామన్నది మా ఆయన విశ్వతేజ. మంచం, పొయ్యి, బుల్లి బాత్రూం అన్నీ ఉన్న వ్యాను. ఆయన మొహం చూడాలి, మా పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు. తాడేపల్లిగూడెంలో బయల్దేరి కొల్లేరు పక్షుల్ని చూడాలని ప్లాను. గుండుగొలను దాటి లోపలికి తిరిగాక, చేపల చెరువుల మధ్య పాత జమీందారుల మేడ కనబడింది. గేటు తీసే ఉంది. చూసిపోదామన్నారు. నాకూ పాత ఇళ్ళంటే పిచ్చే, సరేనన్నాను.

వరండాలో ఒక మామ్మగారు కూర్చుని ఉన్నారు. జరీ అంచు చీర, బొడ్లో తాళాలగుత్తి. చెప్పులు మెట్ల దగ్గర విడవమని, మేడంతా తనే తిప్పి చూపించారు. లోపల గబ్బిలాల కంపు. దాని వెనక, ఆరని బట్టల వాసన. మా ఆరేళ్ళ పాప మనస్వి చెయ్యి మాత్రం ఆవిడ వదల్లేదు. ఈ ఇంట్లో పిల్లల అలికిడి విని ఎన్నాళ్ళయిందో అన్నారు. పాపం అనిపించింది.

పొద్దు వాలుతోందని బయల్దేరాం. నిద్రకి తూగుతున్న మనస్విని ఆయన భుజాన వేసుకున్నారు. నేను అలవాటుగా "వెళ్ళొస్తామండీ" అన్నాను. ఉత్తినే వెళ్తాం అంటే మా ఇంట్లో అపశకునం. చిన్నప్పుడు ఓసారి అలా అన్నందుకు అమ్మ నెత్తిన మొట్టికాయ వేసింది. మనస్వికీ అదే నేర్పాను.

"రావాలి మరి" అన్నారు మామ్మగారు.

చెరువు గట్టు మీద ఒకటే దారి. రెండువైపులా నీళ్ళు, బండి తిప్పడానికి కూడా చోటు లేదు. కొంచెం దూరం వచ్చాక పాప చెప్పులు మెట్ల దగ్గరే మర్చిపోయామని గుర్తొచ్చింది. పోనీలెమ్మన్నారాయన. అంతలో ఎదురుగా గేటు... అదే గేటు. మామ్మగారు ఇప్పుడు వరండాలో లేరు, మెట్ల మీద నిలబడి ఉన్నారు. పక్కనే పాప గులాబీరంగు చెప్పులు.

"వచ్చారా" అన్నారు.

దారి చూసి నడపమని ఆయన మీద విసుక్కున్నాను. చెప్పుల కోసం దిగబుద్ధి కాలేదు. వ్యాను కిటికీలోంచే మళ్ళీ వెళ్ళొస్తామని చెప్పి బయల్దేరదీశాను.

మళ్ళీ గట్టు. మళ్ళీ నీళ్ళు. ఒక్క పక్షీ అరవడం లేదు. పడమట సూర్యుడు ఇందాక ఎక్కడున్నాడో అక్కడే ఉన్నాడు. ఫోన్లో సిగ్నల్ లేదు. ఆయన బండి వేగం పెంచారు.

గేటు.

ఈసారి మామ్మగారు గేటు దగ్గరే ఉన్నారు. మేం లోపలికి రాగానే వెనక గేటు మూసుకుంది. ఆవిడ వ్యాను తలుపు మీద చెయ్యి వేశారు.

"ఎందుకమ్మా ఇలా తిరగడం? పాపని ఉంచెయ్యండి. మీరు పని చూసుకుని నెమ్మదిగా రండి."

వెనక మంచం మీద మనస్వి లేచింది. కళ్ళు మూసుకునే తలుపు దగ్గరికి నడిచింది... నేను ఉరికి పట్టుకున్నాను. దాని మణికట్టు తడిగా ఉంది. ఆవిడ పట్టుకున్నంత మేరా.

అప్పుడు తట్టింది నాకు. వస్తామని చెప్పింది నేనే. రెండుసార్లు.

ఇంక అనాల్సిన మాట ఏదో తెలుసు. కానీ బిడ్డని చంకలో పెట్టుకుని ఆ మాట ఎలా అంటాను? పోవడమంటే మాకు ఒకటే అర్థం. తలుపు గొళ్ళెం తనంతట తనే కదిలింది...

"మేం పోతున్నాం" అన్నాను. "మళ్ళీ రాం."

ఆవిడ మొహం చిన్నబోయింది. చెయ్యి తీసేశారు. గేటు తెరుచుకుంది.

భీమడోలు రైల్వేగేటు దగ్గర లైట్లు, లారీలు, మిరపకాయబజ్జీల వాసన కనబడేదాకా... తగిలేదాకా ఆయన బండి ఆపలేదు. అక్కడ ఆయన భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాను. బతికి బయటపడ్డాం అన్నారాయన.

వెనక నుంచి మనస్వి పిలిచింది.

"అమ్మా, నువ్వు మామ్మగారితో తప్పుగా అన్నావు. ఆవిడ బాధపడ్డారు. అందుకని నేను కిటికీలోంచి సరిగ్గా చెప్పాను."

"ఏం చెప్పావు తల్లీ?"

"వెళ్ళొస్తానండీ అని."

తిరిగి చూశాను. అది మంచం అంచున కూర్చుని, వంగి, గులాబీరంగు చెప్పులకి బకిల్ పెట్టుకుంటోంది. వాటి నుంచి నీళ్ళు కారుతున్నాయి.